తుమ్మలపల్లె రాయిలోని యురేనియం ఇంతకాలం ఎలా ఆగింది?

ప్రశ్న: నేను కడప జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. తుమ్మలపల్లె యురేనియం గని మా పిల్లల ఊళ్లకు దగ్గరే కాబట్టి రేడియోధార్మికత మాట వస్తే తరగతిలో ప్రశ్నలు ఎక్కువ. మొన్న ఒక అమ్మాయి ఇలా అడిగింది: “ప్రోటాన్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయన్నారు, వాటిని పట్టి ఉంచే ప్రబల బలం అంతకు వంద రెట్లు పెద్దదన్నారు. అలాంటప్పుడు యురేనియం అసలు ఎందుకు విరగాలి? విరిగేదే అయితే మన రాయిలో ఇన్ని కోట్ల ఏళ్లు ఎలా ఆగింది? ఆల్ఫాను వదలాలో బీటాను వదలాలో దానికి ఎలా తెలుస్తుంది?” న్యూట్రాన్లు మరీ ఎక్కువైతే కేంద్రకం అస్థిరమవుతుందని చెప్పి తప్పించుకున్నాను. “న్యూట్రాన్లు నెట్టుకోవు కదా, ఎక్కువైతే మంచిదే కదా సార్?” అని మళ్లీ అడిగింది. ఆమెకు ఏం చెప్పాలి? తరగతిలో చూపించడానికి ఒక ఖనిజపు రాయిని తెప్పించవచ్చా?

సమాధానం:

మాస్టారూ, ముందుగా ఆ అమ్మాయిని మెచ్చుకోండి, ఎందుకంటే ఆమె అడిగిన చివరి ప్రశ్న దగ్గర చాలామంది డిగ్రీ విద్యార్థులు కూడా తడబడతారు. ఆమె చిక్కంతా ఒక్కచోట ఉంది. ప్రబల బలం ఎంత పెద్దదో మనం పిల్లలకు చెబుతాం గాని, అది ఎంత దూరం పనిచేస్తుందో చెప్పకుండా వదిలేస్తాం. కేంద్రకం నిలవడం, విరగడం రెండూ బలం పరిమాణం కన్నా ఆ బలం అందే దూరం మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటాయి.

నెట్టుడు ఎంతో మొదట బోర్డు మీద లెక్క కట్టి చూపించండి. కేంద్రకంలో పక్కపక్కనున్న రెండు ప్రోటాన్ల మధ్య దూరం సుమారు 2 ఫెమ్టోమీటర్లు, అంటే మీటరును లక్ష కోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్లీ వెయ్యి ముక్కలు చేస్తే వచ్చే కొలతకు రెండింతలు. కూలుంబు సూత్రంలో 9×10⁹ ను 1.6×10⁻¹⁹ వర్గంతో గుణించి, 2×10⁻¹⁵ వర్గంతో భాగిస్తే 57.6 న్యూటన్లు వస్తుంది. ఆరు కిలోల బియ్యం మూటను చేత్తో ఎత్తి పట్టుకుంటే చేతి మీద ఎంత బరువు పడుతుందో దాదాపు అంత బలం, కంటికి కాదు గదా సూక్ష్మదర్శినికి కూడా అందని ఒక్కొక్క ప్రోటాను మీద పడుతోందన్నమాట. ఈ అంకె చూసిన పిల్లలకు కేంద్రకం విరగడం కన్నా నిలవడమే ఆశ్చర్యంగా తోస్తుంది. సరైన ఆశ్చర్యం కూడా అదే.

దీన్ని కాచుకునే ప్రబల కేంద్రక బలం స్వభావం చిత్రమైనది. ప్రోటాన్ల మధ్యా, న్యూట్రాన్ల మధ్యా, ప్రోటాను న్యూట్రాన్ల మధ్యా అది దాదాపు ఒకే తీరుగా ఉంటుంది, విద్యుదావేశాన్ని పట్టించుకోదు. ఒకటి రెండు ఫెమ్టోమీటర్ల దూరంలో గట్టిగా ఆకర్షిస్తుంది, అంతకు మించితే చప్పున సన్నగిల్లిపోతుంది, మరీ దగ్గరికి, అంటే అర ఫెమ్టోమీటరు దాకా వస్తే ఎదురు తిరిగి నెడుతుంది. కేంద్రకం ఒక బిందువుగా కుంచించుకుపోకుండా, కణాలన్నీ ఇంచుమించు ఒకే సాంద్రతతో సర్దుకుని కూర్చోవడానికి కారణాల్లో ఈ నెట్టుడు ఒకటి. ఇంత తక్కువ దూరానికే పరిమితమైన బలం ఉండాలంటే దాన్ని మోసే కణానికి ద్రవ్యరాశి ఉండాలని 1935లో జపాన్ శాస్త్రవేత్త హిడెకి యుకావా ఊహించారు, ఆ కణం, అంటే పయాన్, 1947లో విశ్వకిరణాల ఛాయాచిత్రాల్లో దొరికింది. అసలు ప్రబల బలం ప్రోటాన్ల లోపలి క్వార్కుల మధ్య ఉంటుందనీ, మనం కేంద్రక బలం అంటున్నది దాని నుంచి బయటికి చిందే శేషమేననీ ఆ తరవాత తెలిసింది. పదో తరగతికి ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి వదిలేస్తే చాలు.

ఇక పెళ్లి పందిరిని ఊహించుకోమనండి. బంతిలో కూర్చున్నవారు గుసగుసలాడుకోగలిగింది పక్కన కూర్చున్న ఇద్దరు ముగ్గురితోనే, పందిట్లో మోగే మైకు మాత్రం ప్రతి ఒక్కరి చెవిలోనూ పడుతుంది. ప్రబల బలం ఆ గుసగుస లాంటిది. విద్యుత్ వికర్షణ మైకు లాంటిది. బంతిలోకి కొత్తగా ఒకరు వస్తే గుసగుసలు కొద్దిగానే పెరుగుతాయి, కాని కేంద్రకంలోకి వచ్చే ప్రతి కొత్త ప్రోటాను అప్పటికే ఉన్న ప్రోటాన్లన్నింటినీ నెడుతుంది. ఇనుములో 26 ప్రోటాన్లు ఉంటే, నెట్టుకునే జతలు 325. యురేనియంలో 92 ప్రోటాన్లు ఉంటే, ఆ జతలు 4,186. ప్రోటాన్లు మూడున్నర రెట్లు పెరిగితే జతలు దాదాపు పదమూడు రెట్లు పెరిగాయి, దూరపు జతల నెట్టుడు తక్కువే అయినా మొత్తం భారం అలాగే మీద పడుతుంది.

ఈ రెండింటి మధ్య సర్దుబాటు ఒక్కో కణానికి వచ్చే బంధన శక్తిలో, అంటే కేంద్రకాన్ని విడివిడి కణాలుగా విడదీయడానికి ఒక్కో కణానికి పెట్టవలసిన శక్తిలో కనిపిస్తుంది. హీలియం-4లో (పేరు పక్కనున్న అంకె ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపిన లెక్క) అది 7.1 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు (కేంద్రకాల లోకంలో శక్తిని కొలిచే ప్రమాణం), ఇనుము-56లో 8.8, యురేనియం-238లో 7.6. ఇనుమే అందరికన్నా మిన్న అని చెప్పడం మనకు అలవాటు గాని, నిజానికి నికెల్-62 దానికన్నా వెంట్రుకవాసి పైన ఉంది. అది పరీక్షలో రాయవలసిన సంగతి కాకపోయినా, తెలిసి ఉండటం మంచిది. ఆమె మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. యురేనియంలో ప్రబల బలం బలహీనపడలేదు, పక్కవారిని ఎప్పటిలాగే పట్టుకుని ఉంది, కాని దాని చేయి అంత దూరం చాలదు.

ఇప్పుడు ఆమె కొసరుగా అడిగిన ప్రశ్న. న్యూట్రాన్లు నెట్టుకోవు, పైగా పట్టి ఉంచుతాయి, అందుకే బరువైన కేంద్రకాల్లో వాటి పాలు పెరుగుతుంది. కాల్షియం-40లో రెండూ ఇరవై ఇరవై, సీసం-208లో 82 ప్రోటాన్లకు 126 న్యూట్రాన్లు. అక్కడితో ఆగడానికి కారణం పౌలీ నియమం. కేంద్రకంలో ప్రోటాన్లకు ఒక మెట్ల వరుస, న్యూట్రాన్లకు వేరే మెట్ల వరుస ఉన్నాయనీ, ఒక్కో మెట్టు మీద కొన్నింటికే చోటుందనీ అనుకోండి. కింది మెట్లు నిండాక కొత్తగా వచ్చే న్యూట్రాను పై మెట్టు ఎక్కక తప్పదు, పై మెట్టు అంటే ఎక్కువ శక్తి. ఒక దశలో ఆ పైనున్న న్యూట్రాను ప్రోటానుగా మారి, పక్క వరుసలో కింద ఖాళీగా ఉన్న మెట్టు మీదికి దిగడం లాభసాటి అవుతుంది. అది బీటా క్షయం, అప్పుడు వెలువడే ఎలక్ట్రానే బీటా కణం. న్యూట్రాన్లు ఎక్కువైతే కేంద్రకం బద్దలవుతుందని పిల్లలకు అనిపించేలా మనం చెబుతుంటాం, కాని సాధారణంగా జరిగేది బద్దలవడం కాదు, ఎక్కువైన న్యూట్రాను ప్రోటానుగా మారిపోవడం.

ఒంటరిగా ఉన్న న్యూట్రాను ప్రోటాను కన్నా 1.29 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల మేర బరువు కాబట్టి సుమారు పది నిమిషాల అర్ధాయువుతో (గుంపులో సగం క్షయమవడానికి పట్టే కాలం) దానంతటదే క్షయమవుతుంది. అదే న్యూట్రాను స్థిర కేంద్రకంలో ఉన్నప్పుడు, అది మారి పుట్టే ప్రోటానుకు కింద చోటు ఉండదు. చోటు లేకనే అది కోట్ల ఏళ్లు న్యూట్రానుగా మిగిలిపోతుంది. ఈ మెట్ల లెక్కనే 1949లో మరియా గోపెర్ట్ మేయర్, హాన్స్ యెన్సెన్ విడివిడిగా తేల్చి, 2, 8, 20, 28, 50, 82, 126 అనే సంఖ్యల దగ్గర మెట్ల గుంపులు నిండి కేంద్రకం ప్రత్యేకంగా గట్టిపడుతుందని చూపించారు. 50 ప్రోటాన్లున్న తగరానికి పది స్థిర ఐసోటోపులు (ప్రోటాన్లు అన్నే ఉండి, న్యూట్రాన్ల లెక్క వేరుగా ఉండే రకాలు) ఉండగా, 43 ప్రోటాన్లున్న టెక్నీషియానికి ఒక్కటీ లేదు. కణాలు జతలుగా ఉండటానికే ఇష్టపడతాయి. రెండు రకాలూ బేసి సంఖ్యలో ఉండి స్థిరంగా నిలిచిన ఐసోటోపులు భూమి మీద ప్రధానంగా నాలుగే, హైడ్రోజన్-2, లిథియం-6, బోరాన్-10, నైట్రోజన్-14.

కేంద్రకానికి ఎలా తెలుస్తుంది అన్న ప్రశ్నకు, దానికేమీ తెలియనక్కర్లేదనీ, ద్రవ్యరాశుల చిట్టా చూసుకుంటే మనకే తెలుస్తుందనీ చెప్పండి. పుట్టే ముక్కల మొత్తం ద్రవ్యరాశి అసలు కేంద్రకం కన్నా తక్కువైతే ఆ దారి తెరిచి ఉన్నట్టు, ఎక్కువైతే మూసి ఉన్నట్టు. యురేనియం-238 పరమాణు ద్రవ్యరాశి 238.0508 ప్రమాణాలు. ఆల్ఫా, అంటే హీలియం-4 కేంద్రకం, పోతే మిగిలే థోరియం-234 ద్రవ్యరాశి 234.0436, హీలియం 4.0026, రెండూ కలిపితే 238.0462. తగ్గిన 0.0046 ప్రమాణాలే దాదాపు 4.3 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తిగా బయటపడతాయి. అదే ఒక ప్రోటాను పోయిందనుకుంటే, మిగిలే ప్రొటాక్టీనియం-237 ద్రవ్యరాశి 237.0511, హైడ్రోజన్ 1.0078, కలిపితే 238.0589. ఉన్నదానికన్నా ఎక్కువ! అప్పు చేస్తే తప్ప ఆ తలుపు తెరుచుకోదు. ప్రోటాన్లే కదా నెట్టుకునేవి, మరి ప్రోటాను ఎందుకు బయటికి రాదు అని ఎవరైనా అడిగితే ఈ కూడికే సమాధానం. రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు కలిసి హీలియంగా ముడిపడేటప్పుడు విడుదలయ్యే 28.3 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులే ఆల్ఫాకు దారిఖర్చు. యురేనియం-238కి బీటా దారి కూడా మూసే ఉంది, నెప్ట్యూనియం-238 దానికన్నా కొద్దిగా బరువు కాబట్టి.

తలుపు తెరిచి ఉన్నప్పుడు వెంటనే ఎందుకు పోదు అన్నది రాయి గురించిన ప్రశ్న. ఆల్ఫా కణం కేంద్రకం అంచు దాటేలోపు ప్రబల బలం వెనక్కి లాగుతుంది, అంచు దాటితే విద్యుత్ వికర్షణ బయటికి తోసేస్తుంది, ఈ రెండింటి నడుమ ఒక గట్టు లేస్తుంది. యురేనియంలో ఆ గట్టు ఎత్తు సుమారు 25 నుంచి 30 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు, ఆల్ఫా దగ్గరున్నది నాలుగు చిల్లర. చెరువు నీరు కట్ట మీదుగా పొర్లలేదు, కాని క్వాంటం లోకంలో కట్ట గుండా ఊట ఊరే అవకాశం ఎప్పుడూ కొంత ఉంటుంది. 1928లో జార్జ్ గామోవ్ ఒక పక్కా, గర్నీ, కాండన్ మరో పక్కా చేసిన వివరణ ఇదే, దాన్ని టన్నెలింగ్ అంటాం. ఆల్ఫా సెకనుకు 10²¹ సార్ల వంతున గట్టును తాకుతుందనుకుంటే, దాదాపు 10³⁸ ప్రయత్నాలకు ఒక్కసారి బయటపడుతుంది. గట్టు మందంలో కొద్దిపాటి తేడా వచ్చినా ఫలితం తలకిందులవుతుంది. థోరియం-232 ఆల్ఫా క్షయంలో విడుదలయ్యే శక్తి సుమారు 4.1, పొలోనియం-212లో 8.95. శక్తి రెట్టింపు కన్నా కొంచెం ఎక్కువ, అంతే. అర్ధాయువు మాత్రం మొదటిదానికి 1,400 కోట్ల ఏళ్లు, రెండోదానికి సెకనులో పది లక్షల వంతులో మూడో పాలు. నిష్పత్తి ఒకటి పక్కన ఇరవై నాలుగు సున్నాలు! కేంద్రక భౌతికశాస్త్రం మొత్తంలో నన్ను ఇప్పటికీ కూర్చోబెట్టి ఆలోచింపజేసే అంకె ఇది.

తుమ్మలపల్లె యురేనియం ఉన్నది దాదాపు 200 కోట్ల ఏళ్ల నాటి డోలమైటు సున్నపురాయిలో. యురేనియం-238 అర్ధాయువు 447 కోట్ల ఏళ్లు కాబట్టి ఆ రాయిలో మొదట చేరిన దానిలో, నీళ్లు కరిగించి తీసుకుపోయింది లేదనుకుంటే, ఇంకా సుమారు 73 శాతం ఉండాలి. 70 కోట్ల ఏళ్ల అర్ధాయువున్న యురేనియం-235 మాత్రం అదే కాలంలో 14 శాతానికి పడిపోయి ఉంటుంది. అంటే ఆ అమ్మాయి ఊరి రాయి ఆగలేదు, మొదటి రోజు నుంచీ తరుగుతూనే ఉంది, తరిగే వేగం మన లెక్కకు అందనంత నెమ్మది. ఇంతకాలం ఉండి ఇప్పుడే విరిగిన కేంద్రకానికి వయసు మీరిందని అనుకోకూడదు. కేంద్రకానికి ముసలితనం లేదు. నిన్న పుట్టినదానికీ 200 కోట్ల ఏళ్లు గడిపినదానికీ వచ్చే ఏడాది విరిగే అవకాశం సమానమే. దీనికి అష్టా చెమ్మా ఆడే అరగదీసిన చింతపిక్కలు తరగతికి తెప్పించండి. 64 పిక్కలు గుమ్మరించి, తెల్లవైపు పైకి పడినవాటిని తీసేసి, మిగిలినవాటిని మళ్లీ వేయమనండి. 30, 17, 8 ఇలా తరుగుతూ పోతాయి, ఏ పిక్క ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు గాని గుంపు తరిగే తీరు మాత్రం అందరికీ తెలుస్తుంది. నాలుగు సార్లు మిగిలిపోయిన పిక్క ఐదోసారి తప్పక పోతుందా అని అడగండి, అక్కడ తరగతి నిజంగా ఆలోచనలో పడుతుంది.

ఆల్ఫా పోయిన తరవాత కథ బీటా వైపు ఎందుకు తిరుగుతుందో కూడా లెక్కలోనే ఉంది. యురేనియం-238లో ప్రోటానుకు 1.587 న్యూట్రాన్లు, థోరియం-234లో 1.6. రెండేసి పోయినా పాలు పెరిగింది, పైగా తేలికైన కేంద్రకానికి అన్ని న్యూట్రాన్లు అవసరం లేదు. కాబట్టి 24 రోజుల అర్ధాయువుతో థోరియం ఒక బీటాను వదిలి ప్రొటాక్టీనియంగా, అది మరో బీటాతో యురేనియం-234గా మారుతుంది. ఇక్కడ పిల్లలు పడే పెద్ద పొరపాటు, ఎలక్ట్రాను కేంద్రకంలో దాక్కుని ఉండి బయటికి వచ్చిందనుకోవడం. చప్పట్ల చప్పుడు అరచేతుల్లో దాగి ఉండదు, కొట్టిన క్షణంలో పుడుతుంది. ఎలక్ట్రానూ, దానితోపాటు వెళ్లే యాంటీన్యూట్రినో కూడా అంతే. బీటా కణాలు ఒకే శక్తితో రాకుండా రకరకాల శక్తులతో రావడం చూసి, మిగిలిన శక్తిని మోసుకుపోయే కనబడని కణం ఒకటుండాలని 1930లో పౌలీ సూచించారు, 1934లో ఫెర్మీ దానికి సిద్ధాంతం కట్టారు. ఈ మార్పు చేయించేది ప్రబల బలం కాదు, దుర్బల కేంద్రక బలం. సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను, పశ్చిమ గోదావరి నుంచి బయలుదేరి సన్యాసం స్వీకరించిన స్వామి జ్ఞానానంద తరవాత యూరప్ వెళ్లి ఈ బీటా వర్ణపటాల మీద కూడా పరిశోధించారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కేంద్రక భౌతికశాస్త్ర విభాగానికి పునాది వేసింది కూడా ఆయనే.

బీటాలోని మిగతా రెండు దారుల్లో ఒకదానికి ఆ పిల్లల ఇళ్లలోనే ఉదాహరణ ఉంది. అరటి తోటలకు వేసే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ బస్తాలోని పొటాషియంలో 0.0117 శాతం పొటాషియం-40. దానిలో 19 ప్రోటాన్లు, 21 న్యూట్రాన్లు, రెండూ బేసి, కాబట్టి రెండు వైపులా దిగడానికి వీలుంది. నూటికి 89 కేంద్రకాలు బీటాను వదిలి కాల్షియం-40 అవుతాయి. మిగిలిన వాటిలో దాదాపు అన్నీ తమ చుట్టూ తిరిగే ఎలక్ట్రానునే లోపలికి లాక్కుని ఆర్గాన్-40 అవుతాయి, దీన్ని ఎలక్ట్రాను గ్రహణం అంటాం. మనం పీల్చే గాలిలో దాదాపు ఒక శాతం ఉన్న ఆర్గాన్ ఇంచుమించు అంతా ఇలా రాళ్లలోని పొటాషియం నుంచి పుట్టినదే. మూడో దారి, పాజిట్రాను (ధనావేశమున్న ఎలక్ట్రాను) వెలువడే బీటా ప్లస్, ఆసుపత్రుల్లో పెట్ స్కాన్‌కు వాడే ఫ్లోరిన్-18లో జరుగుతుంది, దాని అర్ధాయువు 110 నిమిషాలు.

గామా గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. క్షయం తరవాత ఉద్రేకంలో మిగిలిన కేంద్రకం శాంతించేటప్పుడు వదిలే కాంతి అది, ప్రోటాన్ల లెక్క మారదు. కోబాల్ట్-60 గామా అని మనం అనేది నిజానికి బీటా పోయాక పుట్టిన నికెల్-60 వదిలేది. కేంద్రకం తనంతట తానే రెండు పెద్ద ముక్కలయ్యే స్వయం విచ్ఛిత్తిని 1940లో ఫ్లెరోవ్, పెత్ర్జాక్ యురేనియంలోనే కనుగొన్నారు, కాని యురేనియం-238లో అది ఇంచుమించు 20 లక్షల క్షయాలకు ఒక్కసారి జరిగే సంగతి.

ఖనిజపు రాయిని తెప్పించవద్దు. యురేనియం ఉన్నచోట దాని సంతతి, అంటే అది క్షయమవుతూ వరసగా పుట్టించే మూలకాలు, అంతా ఉంటుంది, అందులో రేడాన్ వాయువు, రాలే దుమ్ము మూసిన గదిలో పిల్లలు పీల్చదగినవి కావు, పైగా అలాంటి పదార్థం అనుమతి లేకుండా ఉంచుకోకూడదు. దగ్గరి కళాశాల నుంచి రేడియోధార్మికతను పట్టి లెక్కించే గీగర్ పరికరం ఒక పూట తేగలిగితే, దాని పక్కన పొటాష్ సంచి ఒకటి పెట్టండి, చాలు. గ్రాము పొటాషియంలో సెకనుకు సుమారు 31 కేంద్రకాలు క్షయమవుతాయి, 50 కిలోల బస్తాలో 25 కిలోల దాకా పొటాషియం ఉంటుంది కాబట్టి సెకనుకు ఏడున్నర లక్షలకు పైగా. అది ఏళ్ల తరబడి ఇంటి వసారాలో నిలబడి ఉన్న బస్తాయే. మన ఒంట్లోనూ సుమారు 140 గ్రాముల పొటాషియం ఉంటుందనీ, అక్కడా సెకనుకు నాలుగు వేలకు పైగా క్షయాలు జరుగుతుంటాయనీ చెబితే భయపడేవారు కొందరుంటారు. వారికి అదే లెక్క నింపాదిగా మళ్లీ చేసి చూపించండి.

ఆ అమ్మాయికి ఇంటి పనిగా ఒక కూడిక ఇవ్వండి. యురేనియం-238 చివరికి సీసం-206 అవుతుంది. ద్రవ్యరాశి సంఖ్య 32 తగ్గాలి కాబట్టి ఆల్ఫాలు ఎనిమిది. ఎనిమిది ఆల్ఫాలతో ప్రోటాన్లు 92 నుంచి 76కు దిగాలి, కాని సీసంలో 82 ఉన్నాయి. ఆ ఆరు ఎక్కడి నుంచి వచ్చాయో ఆమెనే చెప్పనివ్వండి. మరి సీసం-206 దగ్గరే ఎందుకు ఆగాలి అని ఆమె అడగకుండా ఉండదు. అప్పుడు దాచకుండా చెప్పండి, చిట్టా ప్రకారం దానికి కూడా ఆల్ఫా తలుపు 1.1 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల మేర తెరిచే ఉంది. అంత కొద్ది శక్తికి గట్టు ఎంత మందంగా ఎదురవుతుందంటే, అది దాటి రావడం ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు. దాని పొరుగునే ఉన్న బిస్మత్-209 కూడా స్థిరమైనదనే చాలాకాలం రాసుకున్నారు, 2003లో ఫ్రాన్సులోని పరిశోధకులు అది ఆల్ఫాను వదలడం పట్టుకున్నారు, అర్ధాయువు సుమారు 2×10¹⁹ ఏళ్లు.